రణరంగంలో ఎక్స్‌కిరణ సేవ: మేడమ్ క్యూరీ జీవితంలో ఒక అధ్యాయం

మేడమ్ క్యూరీ పేరు వినని విద్యార్థి ఉండడు. రేడియం లోహాన్ని లోకానికి అందించిన మహనీయురాలిగా, రెండు పర్యాయాలు నోబెల్ బహుమతి అందుకున్న విదుషీమణిగా ఆమె హైస్కూలు పాఠాలలోనే మనకు పరిచయమవుతుంది. అయితే ఆమె జీవితంలో 1914 నుండి 1918 వరకు గడచిన నాలుగు సంవత్సరాలు పాఠ్యపుస్తకాలలో ఒకటి రెండు వాక్యాలకే పరిమితమవుతున్నవి. ఆ కాలంలో ఆమె నూతన మూలకమేదీ కనుగొనలేదు. ఇతరులు కనుగొన్న ఒక సాధనాన్ని, అది లేక ప్రాణాలు పోతున్న చోటికి చేర్చింది. చేర్చి ఊరకుండక, అది ప్రతిదినం పనిచేసేటట్లు చూసింది. ఆసుపత్రిలో శరీరాంతర్భాగాల చిత్రాలు తీసే విభాగాన్ని నిర్వహించడమంటే ఏమిటో తెలుసుకొనదలచిన వారికి ఆ నాలుగేండ్ల చరిత్రను మించిన పాఠం లేదని మా అభిప్రాయం. కావున ఆ అధ్యాయాన్నే ప్రధానంగా ఈ వ్యాసంలో విద్యార్థినీ విద్యార్థుల ముందుంచుతున్నాము.

ఆమె అసలు పేరు మరియా స్క్లొదోవ్‌స్కా. 1867 నవంబరు 7వ తేదీన పోలండు దేశపు వార్సా నగరంలో జన్మించింది. అప్పటికి వార్సా రష్యా చక్రవర్తుల పాలనలో ఉండేది. తండ్రి గణిత, భౌతిక శాస్త్రాల ఉపాధ్యాయుడు. తల్లి బాలికల పాఠశాల నడిపిన విద్యావతి. మరియాకు పదేండ్ల ప్రాయంలోనే తల్లి క్షయవ్యాధితో కన్నుమూసింది. అంతకు ముందే ఒక అక్క జ్వరంతో మరణించింది. ఆ ఇంట విద్య తప్ప వేరు ఆస్తి లేదు. కాని వార్సా విశ్వవిద్యాలయంలో స్త్రీలకు ప్రవేశం లేదు. ప్రభుత్వం కంటబడకుండా ఇంటింటికి స్థలం మార్చుకుంటూ సాగే రహస్య తరగతులలో ఆమె పై చదువు కొంతవరకు సాగించింది.

ఆమెకు, అక్క బ్రోనియాకు మధ్య ఒక ఒప్పందం కుదిరింది. అక్క పారిస్ వెళ్ళి వైద్యవిద్య అభ్యసించాలి. చెల్లెలు సంపన్నుల ఇండ్లలో పిల్లలకు చదువు చెప్పి సొమ్ము పంపాలి. అక్క స్థిరపడిన పిమ్మట చెల్లెలి వంతు వస్తుంది. మాట తప్పకుండా ఇద్దరూ ఆ ఒప్పందాన్ని నెరవేర్చుకున్నారు. ఆడపిల్లల పై చదువుకు ఊరు దాటించవలెనా వద్దా అని నేటికీ తర్కించుకునే కుటుంబాలు మన మధ్య ఉన్నవి. ఆ అక్కాచెల్లెళ్ళ కథ అటువంటి ఇండ్లలో చెప్పుకోదగినది. 1891లో మరియా పారిస్ చేరింది. సోర్బాన్‌లో 1893లో భౌతికశాస్త్ర పట్టా పరీక్షలో ప్రథమస్థానంలోను, మరుసటి ఏడు గణితంలో ద్వితీయస్థానంలోను ఉత్తీర్ణురాలయింది.

1895 జూలై 26న భౌతిక శాస్త్రజ్ఞుడు పియర్ క్యూరీతో ఆమె వివాహం జరిగింది. అదే సంవత్సరం నవంబరు 8న జర్మనీలో రాంట్‌జన్ పండితుడు ఎక్స్‌కిరణాలను కనుగొన్నాడు. మరుసటి సంవత్సరం బెకెరల్ యురేనియం లవణాల నుండి వెలువడే కిరణాలను గమనించాడు. నాడు శాస్త్రజ్ఞులలో అత్యధికులు ఎక్స్‌కిరణాల వెంటబడగా, మేరీ మాత్రం బెకెరల్ కిరణాలను తన పరిశోధనాంశంగా ఎన్నుకున్నది. 1898లో క్యూరీ దంపతులు పొలోనియం, రేడియం అనే రెండు మూలకాల ఉనికిని ప్రకటించారు. కప్పు కారే ఒక పాత షెడ్డులో టన్నుల కొలది ఖనిజపు పిప్పిని మరిగించి, వడగట్టి, 1902 నాటికి గ్రాములో పదోవంతు రేడియం క్లోరైడును ఆమె వేరుచేసింది. 1903లో బెకెరల్‌తోపాటు ఆ దంపతులకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. తాము కనుగొన్న పద్ధతికి పేటెంటు తీసుకొనరాదని వారు నిశ్చయించుకున్నారు. 1906 ఏప్రిల్ 19న పారిస్ వీధిలో గుర్రపుబండి క్రిందపడి పియర్ దుర్మరణం పాలయ్యాడు. భర్త ఆసనంలో నిలిచి బోధించి, సోర్బాన్‌లో పాఠం చెప్పిన ప్రథమ మహిళ అయింది. 1911లో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ఆమెకు సభ్యత్వం నిరాకరించింది. అదే సంవత్సరాంతాన రసాయనశాస్త్రంలో రెండవ నోబెల్ బహుమతి ఆమెను వరించింది.

1914లో ఆమె ఆశయాల మేరకు పారిస్‌లో రేడియం పరిశోధనా సంస్థ భవనం పూర్తయింది. ప్రయోగశాల తలుపులు తెరిచే వేళకు యూరప్ రణరంగమయింది. ఆగస్టు మాసంలో జర్మనీ ఫ్రాన్సుపై యుద్ధం ప్రకటించింది. యువ పరిశోధకులందరూ సైన్యంలో చేరిపోయారు. సెప్టెంబరు తొలిదినాలలో, శత్రుసేనలు పారిస్‌ను సమీపిస్తున్న తరుణంలో, ప్రయోగశాలలోని ఒక గ్రాము రేడియాన్ని సీసపు పెట్టెలో భద్రపరచి, రైలులో బోర్డో నగరానికి తీసికొనిపోయి బ్యాంకులో దాచి, ఆమె వెంటనే పారిస్‌కు తిరిగివచ్చింది. ప్రజలు నగరం విడిచిపోతున్న సమయంలో ఎదురు ప్రయాణం చేసి రావడానికి కారణం ఒకటే. తన శాస్త్రజ్ఞానంతో యుద్ధకాలంలో చేయదగిన పని ఏమున్నదో ఆమె అప్పటికే ఆలోచించి పెట్టుకున్నది.

ఆ ఆలోచన ఇది. తూటాలు, గుండ్ల ముక్కలు శరీరంలో ఎక్కడ దాగి ఉన్నవో తెలియక శస్త్రవైద్యులు గాయాన్ని వెదకుతూ కోయవలసి వస్తున్నది. విరిగిన ఎముక ఏ దశలో ఉన్నదో కంటికి కనబడదు. ఎక్స్‌కిరణాలు వెలుగులోకి వచ్చి అప్పటికి దాదాపు 19 ఏండ్లు. పెద్ద నగరాల ఆసుపత్రులలో ఆ యంత్రాలు కొన్ని ఉన్నవి. కాని గాయపడిన సైనికులు పడి ఉన్నది ఆ నగరాలలో కాదు. యుద్ధభూమికి చేరువలోని ఆసుపత్రులలో యంత్రం లేదు. యంత్రం తెచ్చినా విద్యుత్తు లేదు. విద్యుత్తు సమకూర్చినా నడిపే మనిషి లేడు. విజ్ఞానం ఒకచోట, అవసరం మరొకచోట ఉండిపోవడం వలన జరిగే అనర్థాన్ని ఆమె స్పష్టంగా చూడగలిగింది.

రెడ్‌క్రాస్ రేడియాలజీ సేవకు ఆమె సంచాలకురాలిగా నియుక్తురాలయింది. ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ఎక్స్‌కిరణాలను గురించి ఆమె తరగతులలో బోధించి యుండెనే గాని, వాటితో రోగులను పరీక్షించిన అనుభవం ఆమెకు లేదు. రెండు నోబెల్ బహుమతులు పొందిన పండితురాలు, నలుబది ఆరేండ్ల వయసులో, డాక్టర్ ఆంత్వాన్ బెక్లేర్ అనే రేడియాలజీ నిపుణుని వద్ద పరీక్షా విధానాలు నేర్చుకున్నది. శరీర నిర్మాణశాస్త్రం చదివింది. తరువాతి కాలంలో మోటారు నడపడం నేర్చి 1916లో లైసెన్సు తీసుకున్నది. దారిలో బండి మొరాయిస్తే బాగుచేసుకొనుటకు యంత్రమరమ్మతు సైతం నేర్చుకున్నది. తెలియని విషయాన్ని తెలిసినవారి వద్ద కూర్చొని నేర్చుకొనుటలో ఆమెకు బిడియం లేదు.

ఫ్రాన్సు మహిళా సంఘం ఒకటి ఇచ్చిన ధనంతో తొలి బండి తయారయింది. ధనవంతులను అర్థించి మోటారు కార్లు సంపాదించింది. బండ్ల కర్మాగారాల వారిచేత వాటిని మార్పించింది. ప్రతి బండిలో ఎక్స్‌కిరణ గొట్టం, ప్రేరణ తీగచుట్ట, మడతబల్ల, ప్రతిదీప్తి తెర, ఫొటో ప్లేట్లు, వాటిని కడిగే రసాయనాలు, గదిని చీకటి చేయుటకు నల్లని తెరలు ఉండేవి. అన్నిటికంటే ముఖ్యమైనది డైనమో. బండి ఇంజనుతోనే దానిని త్రిప్పి విద్యుత్తు పుట్టించేవారు. ఆ విధంగా కరెంటు లేని పల్లెలో సైతం ఎక్స్‌రే తీయడం సాధ్యమయింది. 1914 అక్టోబరు చివరకు మొదటి బండి సిద్ధం కాగా, పదునేడేండ్ల కుమార్తె ఐరీన్‌ను వెంటబెట్టుకొని ఆమె యుద్ధరంగానికి ప్రయాణమయింది. సైనికులు ఆ బండ్లకు చిన్ని క్యూరీలని ముద్దుపేరు పెట్టుకున్నారు.

బండి ఆసుపత్రి చేరగానే పని ఒక క్రమంలో సాగేది. ముందుగా ఒక గదిని ఎన్నుకొని కిటికీలకు తెరలు కట్టేవారు. పెట్టెలు దింపి, పరికరాలు అమర్చి, డైనమో నుండి తీగ లాగేవారు. యంత్రాన్ని సరిచూసిన పిమ్మట గాయపడినవారిని ఒక్కొక్కరినే బల్లపై పరుండబెట్టేవారు. తెరపై నీడ చూసి వైద్యుడు వివరాలు వ్రాసుకొనేవాడు, లేదా ప్లేటుపై చిత్రం తీసేవారు. అత్యవసరమైనపుడు తెర ముందే శస్త్రచికిత్స జరిగేది. గంటల కొలది ఈ పని సాగిన పిమ్మట సామగ్రి అంతా మరల సర్ది బండి కదిలేది.

నీడను చూసి గుండు ముక్క ఎంత లోతున ఉన్నదో చెప్పడం ఎట్లా అని గణిత విద్యార్థులకు సందేహం కలుగవచ్చు. ఇది హైస్కూలు రేఖాగణితమే. ఎక్స్‌కిరణ గొట్టాన్ని ఒకచోట నిలిపి ఒక చిత్రం తీస్తారు. పిదప గొట్టాన్ని నిర్ణీత దూరం పక్కకు జరిపి రెండవ చిత్రం తీస్తారు. ముక్క ప్లేటుకు ఎంత ఎత్తున ఉంటే దాని నీడ అంత ఎక్కువగా జరుగుతుంది. ఉదాహరణకు, గొట్టం ప్లేటుకు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకొందాము. దానిని 6 సెంటీమీటర్లు జరిపితే నీడ 1.2 సెంటీమీటర్లు జరిగినదనుకొందాము. సరూప త్రిభుజాల సూత్రం ప్రకారం ఆ ముక్క ప్లేటుకు సరిగా 10 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదని తేలుతుంది. శస్త్రవైద్యుని కత్తి ఎంతవరకు దిగాలో, ఎక్కడ ఆగాలో ఆ చిన్న లెక్క చెబుతుంది. పరీక్షకోసం బట్టీపట్టే సూత్రమే ఒక సైనికుని కాలును నిలబెట్టగలదని తెలిసినపుడు ఆ పాఠం మరచిపోవడం కష్టం.

యుద్ధం ముగిసే నాటికి 20 సంచార శకటాలు, సుమారు 200 స్థిర ఎక్స్‌రే గదులు ఆమె పర్యవేక్షణలో ఏర్పడినవి. యుద్ధకాలంలో పరీక్షలు పొందిన క్షతగాత్రుల సంఖ్య పదిలక్షలను మించిందని అంచనా. కాని బండ్లు పెరిగినకొద్దీ అసలు సమస్య బయటపడింది. పరికరాలు కొనవచ్చును, వాటిని అర్థం చేసుకొని నడిపే మనుషులను అంగడిలో కొనలేము. అందువలన 1916 నుండి రేడియం సంస్థలోనే స్త్రీలకు శిక్షణ తరగతులు ప్రారంభించింది. విద్యుచ్ఛక్తి, ఎక్స్‌కిరణాలు, శరీర నిర్మాణం, ఫొటోగ్రఫీ అందులో పాఠ్యాంశాలు. ఐరీన్ కూడా బోధనలో తల్లికి తోడ్పడింది. సుమారు 150 మంది స్త్రీలు ఆ విధంగా తయారై ఆసుపత్రులలో పనిచేశారు. ఇవికాక, 1915లో రేడియాన్ని పారిస్‌కు తిరిగి తెప్పించి, దాని నుండి వెలువడే రేడాన్ వాయువును చిన్న గాజు గొట్టాలలో నింపి చికిత్సకై ఆసుపత్రులకు పంపే ఏర్పాటు చేసింది. ఈ అనుభవాల సారాన్ని 1921లో రేడియాలజీ, యుద్ధం అనే అంశంపై ఒక గ్రంథంగా వెలువరించింది.

అదే సంవత్సరం అమెరికా మహిళలు చందాలు వేసుకొని కొన్న ఒక గ్రాము రేడియాన్ని అధ్యక్షుడు హార్డింగ్ చేతులమీదుగా ఆమె స్వీకరించింది. 1932లో ఆమె జన్మస్థలమైన వార్సాలో రేడియం సంస్థ ప్రారంభమయినపుడు దాని నిర్వహణ బాధ్యత వహించినది వైద్యురాలైన అక్క బ్రోనియాయే. యౌవనంలో కుదుర్చుకున్న ఒప్పందం ఆ విధంగా ఒక దేశానికి ఆసుపత్రిగా ఫలించింది. 1934 జూలై 4న ఫ్రాన్సు పర్వతప్రాంతంలోని ఒక ఆరోగ్యశాలలో, ఎముకల మూలుగ రక్తకణాలను తయారుచేయలేకపోవడం వలన వచ్చే రక్తహీనతతో మేడమ్ క్యూరీ పరమపదించింది.

ఆమె మరణకారణం గురించి చిరకాలం అందరూ రేడియాన్నే నిందించారు. 1995లో ఆమె పార్థివావశేషాలను పారిస్‌లోని పాంథియాన్‌కు తరలించిన సందర్భంలో ఫ్రెంచి వికిరణ రక్షణ శాఖ పరీక్షలు జరిపింది. ప్రాణం తీసేటంత రేడియం ఆమె శరీరంలో చేరియుండదని, యుద్ధకాలంలో సరియైన రక్షణ లేకుండా ఎక్స్‌కిరణాల మధ్య పనిచేయడమే వ్యాధికి మూలమై ఉండవచ్చునని ఆ శాఖ భావించింది. ఇతరుల దేహాలలోని లోహపు ముక్కలను చూపిన కిరణాలే చూపించిన వ్యక్తి దేహాన్ని లోలోపల క్షీణింపజేసి యుండవచ్చుననే మాట మనసును కలచివేస్తుంది. ఐరీన్ సైతం 1956లో రక్తకాన్సరుతో మరణించింది. ఈ విషాదాన్ని త్యాగమని కొనియాడి అంతటితో మరచిపోవడం మాకు సమ్మతం కాదు. రక్షణ నియమాలు ఎందుకు పుట్టినవో ఈ మరణాలు చెబుతున్నవి. భారతదేశంలో 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి నియమాల ప్రకారం వికిరణాల మధ్య పనిచేసేవారికి అయిదేండ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనైనా 30 మిల్లీసీవర్టులు మించరాదు. ఎక్స్‌రే గదిలో టెక్నీషియను ఛాతీపై కనిపించే చిన్న బ్యాడ్జి ఆ లెక్కను కనిపెట్టి ఉండేదే. దానిని ఇంట్లో మరచి రావడం స్వల్పమైన అశ్రద్ధ కాదు.

నేడు కాలం మారింది. 1971లో లండనులో హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సి.టి. యంత్రంతో తొలి రోగిని పరీక్షించిన నాటి నుండి చిత్రం క్రమంగా ప్లేటును, ఫిల్మును విడిచి అంకెల రూపం దాల్చింది. ఒక సి.టి. చిత్రంలో సాధారణంగా అడ్డంగా 512, నిలువుగా 512 చుక్కలు, అనగా 2,62,144 చుక్కలు ఉంటవి. ఒక్కొక్క చుక్కకు రెండు బైట్ల చొప్పున ఒక చిత్రానికి సుమారు అర మెగాబైటు స్థలం కావాలి. ఒక రోగికి 300 చిత్రాలు తీస్తే 150 మెగాబైట్లకు పైబడుతుంది. వేర్వేరు కంపెనీల యంత్రాలు పరస్పరం చిత్రాలు పంపుకొనుటకు ఒక ఉమ్మడి భాష అవసరమయింది. అందుకై 1983లో అమెరికాలో రేడియాలజిస్టులు, తయారీదారులు కలసి సంఘంగా ఏర్పడి 1985లో తొలి ప్రమాణాన్ని వెలువరించారు. అదే 1993లో డైకామ్ అనే పేరు పొందింది. చిత్రాలను భద్రపరచి, వైద్యుని బల్లవద్దకు చేర్చే వ్యవస్థను పాక్స్ అంటారు.

యంత్రాలు ఎంత మారినా నిర్వహణలోని ప్రశ్నలు మాత్రం మేడమ్ క్యూరీ ఎదుర్కొన్నవే. ఆమె డైనమోను బండికి బిగించింది. నేటి ఆసుపత్రి కరెంటు పోయినా సర్వరు ఆగకుండ చూసుకోవాలి. ఆమె ప్లేట్లు పగలకుండ జాగ్రత్తపడింది. నేటివారు చిత్రాల రెండవ ప్రతిని వేరొకచోట దాచాలి. ఏ చిత్రం ఏ క్షతగాత్రునిదో నాడు తారుమారు కారాదు. నేడు డైకామ్ చిత్రంలోనే రోగి పేరు, సంఖ్య, తేదీ ఇమిడి ఉంటవి గాని, వాటిని తొలుత తప్పుగా వ్రాసినచో కంప్యూటరు ఆ తప్పునే నమ్మకంగా దేశమంతటా మోసుకొనిపోతుంది. ఒకే పేరుగల ఇద్దరు రోగులు ఒకే దినాన వచ్చినపుడు వయసు, తండ్రి పేరు, సంఖ్య మరల అడిగి సరిచూసే గుమాస్తా అప్రమత్తత ఏ ఖరీదైన యంత్రానికీ తీసిపోదు. రోగి చిత్రం అతని అంతరంగిక విషయం; చూడవలసినవారు తప్ప ఇతరులు చూడరాదు. వీటన్నిటినీ మించి, యంత్రం వచ్చిన దినమే దానిని నడిపేవారు సిద్ధంగా ఉండాలి. ప్యాకింగు విప్పని యంత్రం, మనిషి లేని గది రోగికి శూన్యంతో సమానం.

వైద్యకళాశాలలో సీటు రాలేదని నిరాశచెందే విద్యార్థులు ప్రతి సంవత్సరం ఎందరో ఉంటారు. వారికి మేము విన్నవించునది ఒక్కటే. రేడియాలజీ టెక్నీషియను, చిత్రవ్యవస్థ నిర్వాహకుడు, పరికరాలను సరిచూసే భౌతిక శాస్త్రజ్ఞుడు, మరమ్మతు చేసే ఇంజనీరు – వీరు లేనిదే నేడు పెద్ద ఆసుపత్రి ఒక పూటయినా నడవదు. భౌతికశాస్త్రం, గణితం, కంప్యూటరు చదివేవారికి రోగి సేవలో స్థానం లేదనుకోవడం పొరపాటు.

రణరంగ సేవకు ప్రతిఫలంగా ఫ్రెంచి ప్రభుత్వం నుండి మేడమ్ క్యూరీకి ప్రత్యేక బిరుదమేదీ రాలేదు. ఆమె శిక్షణ పొందిన 150 మంది స్త్రీల పేర్లు మన పాఠ్యపుస్తకాలలో లేవు. అయినను చీకటి గదిలో తెర వెలిగించి, తూటా ఉన్న చోటును వేలితో చూపి, తరువాతి మనిషిని పిలిచిన ఆ అజ్ఞాత వనితల వలన ఎందరో సైనికులు తమ ఇండ్లకు తిరిగి చేరుకున్నారు. రేడియం కనుగొనడం ఎవరికో ఒకరికే సాధ్యం. చేతిలో ఉన్న సాధనాన్ని శ్రద్ధగా, భద్రంగా, అవసరమున్నవానికి అందేటట్లు నడపడం మాత్రం మనలో ప్రతి ఒక్కరికీ సాధ్యమే.